ఇంటి ట్యాంకులో సీ అనిమోన్: చోటు దాన్నే ఎంచుకోనివ్వండి

ఆటోనగర్‌లో నాకు మోటారు వైండింగ్ షాపు ఉంది. ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు ఉంది. ఈ రెండో సంగతి తెలిసినవాళ్లు ఫోన్ చేసి మొదట అడిగేది ఒకటే: "అన్నా, క్లౌన్ చేపలు వేశాను, అనిమోన్ ఎప్పుడు వెయ్యొచ్చు?" సముద్రంలో ఈ చేపలు అనిమోన్ అనే జీవిలో కాపురముంటాయి కాబట్టి ఆ ప్రశ్న. ట్యాంకు పెట్టి ఎన్నాళ్లయిందని తిరిగి అడుగుతాను. ఆరు నెలలు నిండకపోతే ఆగమంటాను. ఏడాది ఆగగలిగితే ఇంకా మంచిది.

కొత్త ట్యాంకులో అమ్మోనియా, నైట్రైట్ అనే విషపు వ్యర్థాలు సున్నాకి రావడానికి నెలో, నెలన్నరో పడుతుంది. అది చూసి ట్యాంకు తయారైపోయిందనుకుంటారు. చేపకైతే సరే. అనిమోన్‌కి కాదు. ఆ తర్వాత గాజు మీద గోధుమరంగు పొర వస్తుంది, అది పోతే పచ్చనాచు వస్తుంది, నీళ్ల లెక్కలు వారానికో రకంగా ఊగుతాయి. అదంతా సద్దుమణిగి, రాళ్ల మీద గులాబీ, వంకాయ రంగుల్లో గట్టిపొర పట్టడం మొదలయ్యాక, మీ నోటుబుక్కులో రాసుకున్న రీడింగులు వరసగా ఒకేలా కనిపిస్తున్నాక అనిమోన్ గురించి ఆలోచించండి.

ఇంత పట్టింపు ఎందుకంటే అనిమోన్‌కి పొలుసు లేదు, పెంకు లేదు, ఎముక లేదు. ఒళ్లంతా దాదాపు నీళ్లే. నీళ్లలో ఏం మారినా నేరుగా దాని ఒంటికి తగులుతుంది. చూడటానికి పువ్వులా ఉన్నా అది జంతువు. అయితే దాని కండలో కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. వెలుతురు తీసుకుని ఆ నాచు చేసే ఆహారమే అనిమోన్‌కి చాలావరకు తిండి. అందుకే నీళ్లు ఎంత ముఖ్యమో లైటూ అంత ముఖ్యం.

సరిగ్గా చూసుకుంటే ఇవి మనం అనుకునేదానికన్నా చాలాకాలం బతుకుతాయి. స్కాట్లండ్‌లో సర్ జాన్ డాల్యెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1828లో సముద్రపు ఒడ్డు నుంచి ఒక అనిమోన్‌ని తెచ్చి గాజు జాడీలో పెంచాడు. ఆయన 1851లో పోయాడు. అనిమోన్ మాత్రం చేతులు మారుతూ 1887 దాకా బతికింది. అందరూ దాన్ని 'గ్రానీ' అని పిలిచేవారు. అది చల్లటి సముద్రపు జాతి, లోపల నాచు లేనిది, మన ట్యాంకుల్లో పెంచే రకం కాదు. అయినా ఆ కథంటే నాకు చాలా గౌరవం. పంపులు, ఎల్ఈడీలు లేని రోజుల్లో, మనుషులు మారినా దాని నీళ్లు మార్చే పని ఆగలేదు. అనిమోన్ పెంపకంలో నాకు అన్నిటికన్నా పెద్దగా కనిపించేది అదే, నిలకడ.

ఏ రకం కొనాలి

మొదటిసారి పెంచేవాళ్లకి బబుల్ టిప్ తప్ప వేరేది చెప్పను. శాస్త్రీయంగా ఎంటాక్మియా క్వాడ్రికలర్. స్పర్శకాల (ఒంటి మీది వేళ్లలాంటి తీగల) చివర చిన్న బుడగలుంటాయి కాబట్టి ఆ పేరు. ఆ బుడగలు ఒక్కోసారి పోయి స్పర్శకాలు సన్నగా పొడుగ్గా అవుతాయి. అంతమాత్రాన జబ్బు చేసిందని కాదు. ఒళ్లు నిండుగా, రంగు బాగుంటే దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

కార్పెట్ అనిమోన్లు అందంగా ఉంటాయి, కానీ కుట్టుడు బలంగా ఉంటుంది. దగ్గరకొచ్చిన చేపను పట్టి తినేస్తాయి. మాగ్నిఫికా అనే రకానికి విపరీతమైన వెలుతురు, జోరైన ప్రవాహం కావాలి, అవి లేకపోతే ట్యాంకంతా తిరుగుతూనే ఉంటుంది. లాంగ్ టెంటకిల్ రకానికి పాదం, అంటే పట్టుకుని నిలబడే అడుగుభాగం, దించుకోవడానికి లోతైన ఇసుక ఉండాలి. ఇవన్నీ అనుభవం వచ్చాక చూసుకోవచ్చు.

షాపులో తెల్లగా మెరిసిపోయే అనిమోన్ కనిపిస్తే ముచ్చటపడి కొనకండి. లోపలి నాచు పోయి అది ఆకలితో ఉంది. నిమ్మపండు రంగులో, కొట్టొచ్చే పసుపులో ఉంటే రంగు వేసి ఉండే అవకాశం చాలా ఎక్కువ. గోధుమ, ఆకుపచ్చ, ఎరుపు, వాటిలో కొద్దిగా మట్టి ఛాయ ఉంటే మంచిది.

కరెంటు పని ముందు

ఇది నా వృత్తి కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. అనిమోన్ నడుస్తుంది. రాత్రి ఒకచోట చూసి పడుకుంటే పొద్దున మరోచోట ఉంటుంది. అలా నడుస్తూ వేవ్ మేకర్ (ట్యాంకులో నీళ్లు కదిలించే ఫ్యాను పంపు) దగ్గరికి వెళ్లిందంటే ఫ్యాను దాన్ని లాగేసుకుని ముక్కలు చేస్తుంది. ఒక అనిమోన్ ముక్కలైతే పోయేది అదొక్కటే కాదు. నీళ్లు పాడై చేపలూ పోతాయి. నా దగ్గరికి రిపేరుకొచ్చిన ఒక వేవ్ మేకర్ రోటర్ చుట్టూ చుట్టుకుపోయిన అనిమోన్ ముక్కల్ని నా చేత్తో తీశాను. అందుకే అనిమోన్‌ని ఇంటికి తేకముందే ప్రతి వేవ్ మేకర్‌కీ సన్నటి ప్లాస్టిక్ జాలీగానీ, పెద్ద రంధ్రాల స్పాంజి తొడుగుగానీ వెయ్యండి. సంప్‌లోకి, అంటే కింద ఉండే ఫిల్టర్ తొట్టిలోకి, నీళ్లు దిగే చోటకీ జాలీ ఉండాలి. స్పాంజిని వారానికోసారి పిండి కడగాలి, లేకపోతే పంపు లాగలేక వేడెక్కుతుంది. ట్యాంకులో హీటరుంటే దానికీ తొడుగు పెట్టండి. ఇంకా మంచిది, దాన్ని సంప్‌లోకి మార్చేయడం.

ఉప్పునీళ్లలో చెయ్యి పెట్టే పని ఇది. ట్యాంకు లైన్‌కి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను తెంచే స్విచ్) లేకుండా ఎవర్నీ ట్యాంకు పెట్టనివ్వను. ప్రతి వైరూ ప్లగ్గుకి వెళ్లేముందు ఒకసారి కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటిచుక్క ప్లగ్గులోకి పోకుండా కింద పడుతుంది. స్విచ్ బోర్డు ట్యాంకు కింద అలమరలో వద్దు, పక్క గోడకి బిగించండి. ఉప్పు పొర ఎంత మూసినా పాకుతుంది.

కరెంటు పోయినప్పుడు లైటు గురించి కంగారు పడకండి. ఒక రోజు చీకటి వల్ల అనిమోన్‌కి ఏమీ కాదు. నీళ్లు కదలకపోతే మాత్రం ప్రాణవాయువు తగ్గి కొన్ని గంటల్లోనే అన్నీ కష్టంలో పడతాయి. ఇన్వర్టర్ మీద ముందు వేవ్ మేకర్, తర్వాత సంప్ నుంచి నీళ్లు పైకి పంపే రిటర్న్ పంపు. ఇన్వర్టర్ సైన్ వేవ్‌ది అయి ఉండాలి. స్క్వేర్ వేవ్ మీద ఏసీ పంపులు గుయ్యిమంటూ వేడెక్కి వైండింగ్ దెబ్బతింటుంది. ఇన్వర్టర్ లేనివాళ్లు బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొని దగ్గర పెట్టుకోండి.

నీళ్లు, ఉప్పు, ఎండ

మా ఇంటి బోరు నీళ్ల సంగతి వదిలేయండి, కాలవ నీళ్లు కూడా ట్యాంకుకి పనికిరావు. తాగే ఆర్‌ఓ నుంచి వచ్చే నీళ్లలోనూ టీడీఎస్ (కరిగిన లవణాలు) కొంత మిగులుతుంది. దాని తర్వాత ఆ మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెసిన్ గొట్టం ఒకటి తగిలిస్తే టీడీఎస్ సున్నాకి వస్తుంది. ఆ నీళ్లలో రీఫ్ సాల్ట్, అంటే ట్యాంకుల కోసం అమ్మే సముద్రపు ఉప్పు, కలపాలి. బీచ్ నుంచి క్యాన్లతో నీళ్లు తెచ్చుకుంటామని కొందరంటారు. ఊరి మురుగు, హార్బర్ నూనె కలిసే ఒడ్డు నీళ్లని నేను నమ్మను.

ఉప్పు 35 పీపీటీ (వెయ్యికి 35 వంతులు), అంటే స్పెసిఫిక్ గ్రావిటీ 1.026 దగ్గర. కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ అనే పరికరం కొనండి, దాన్ని 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకుంటూ ఉండండి. ఉష్ణోగ్రత 25 నుంచి 27 డిగ్రీలు. ఆల్కలినిటీ (నీళ్ల క్షారత) 8 నుంచి 10 డీకేహెచ్, కాల్షియం 400 నుంచి 450 పీపీఎం. అమ్మోనియా, నైట్రైట్ సున్నా. నైట్రేట్ మాత్రం సున్నా చెయ్యాలని పట్టుపట్టకండి. 5 నుంచి 10 పీపీఎం మధ్య ఉంటే అనిమోన్ హాయిగా ఉంటుంది. ఈ అంకెల్లో దేన్నైనా సరిచెయ్యాల్సి వస్తే రోజుల మీద నెమ్మదిగా చెయ్యండి. ఒక్కపూటలో మంచి అంకెకి లాగడం కన్నా, కాస్త అటూ ఇటూగా ఉన్నా కదలని అంకె నయం.

ఇక మా ఎండ. ఏప్రిల్ నుంచి జూన్ దాకా విజయవాడలో ఫ్యాన్లతో నెట్టుకురావడం కష్టం. నీళ్ల మీదికి ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, అదీ గాలిలో తేమ తక్కువుంటేనే. గది వేడి 36 దాటితే ఆ రెండు డిగ్రీలు ఏ మూలకి? నీళ్లు చల్లబరిచే చిల్లర్ కావాలి, లేదా ట్యాంకున్న గదిలో ఏసీ పగలూ రాత్రీ నడవాలి. చిల్లర్ కొనేటప్పుడు డబ్బా మీద రాసిన లీటర్ల లెక్కకి ఒక సైజు పెద్దది తీసుకోండి, ఆ లెక్కలు మన మే నెలని చూసి రాసినవి కావు. చిల్లర్ వదిలే వేడిగాలి బయటికి పోయే దారి ఉండాలి. అలమరలో పెట్టి తలుపేస్తే అది తన వేడినే తను పీల్చుకుంటుంది.

ఎండాకాలంలో ఇంకో సంగతి ఉంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. నాది నాలుగడుగుల ట్యాంకు, రాళ్లూ ఇసుకా పోను సుమారు 200 లీటర్లు. దాంట్లో 8 లీటర్లు ఆవిరైతే 35 ఉన్న ఉప్పు 36.5కి ఎక్కుతుంది. అందుకని తగ్గిన నీళ్లు రోజూ పొయ్యాలి, ఉప్పు కలపని ఆర్‌ఓ-డీఐ నీళ్లే పొయ్యాలి. ఫ్లోట్ స్విచ్‌తో ఆటోమేటిక్‌గా నింపే పరికరం పెట్టుకుంటే ఊరెళ్లినా నిశ్చింత.

తేవడం, వెయ్యడం

మా దగ్గర ఉప్పునీటి సరుకు తక్కువ. నేను చెన్నై కొళత్తూరు వెళ్లి చూసి తెచ్చుకుంటాను. ఫొటో చూసి పార్సిల్ తెప్పించుకోవడం అనిమోన్ విషయంలో నాకు నచ్చదు, ఎందుకంటే చూడాల్సినవి ఫొటోలో కనబడవు. నోరు బిగుతుగా మూసుకుని ఉందా? పాదం రాయినో గాజునో గట్టిగా పట్టుకుని ఉందా? చిరుగు ఉందా? షాపువాళ్లని చిన్న రొయ్య ముక్క వెయ్యమనండి. స్పర్శకాలు దాన్ని అంటుకుని నోటి వైపు లాక్కుంటే ఆరోగ్యం బాగున్నట్టు. షాపుకొచ్చి కనీసం వారమైనా అయి ఉండాలి. రాయి మీద ఉంటే రాయితో సహా కొనండి, రాయి ఖరీదుకి వెనకాడకండి. కత్తితో గీకి ఊడదీసిన అనిమోన్‌కి పాదం చిరిగిపోతుంది, ఆ గాయం నుంచి కోలుకోవడం అరుదు. అన్నిటికన్నా మేలు, ఎవరి ట్యాంకులోనైనా చీలి పుట్టిన పిల్ల. ట్యాంకు బతుకు దానికి ముందే అలవాటు.

ఇంటికి తెచ్చాక ట్యాంకు లైటు ఆర్పండి. కవరు విప్పకుండా నీళ్ల మీద ఇరవై నిమిషాలు తేలనివ్వండి. తర్వాత అనిమోన్‌నీ కవరు నీళ్లనీ శుభ్రమైన బకెట్లో పోసి, ట్యాంకు నుంచి సన్నటి ఎయిర్ ట్యూబు వేసి, దానికి ముడి బిగించి సెకనుకి రెండు మూడు చుక్కలు పడేలా చూడండి. షాపుల్లో ఉప్పు తక్కువ పెడతారు, అందుకే ఈ మెట్టు దాటెయ్యకూడదు. బకెట్లో ఉప్పు మీ ట్యాంకుతో సమానమయ్యేదాకా, గంటో గంటన్నరో పడుతుంది. వేసవిలో ఈలోపు బకెట్ నీళ్లు వేడెక్కుతాయి. తడి తువ్వాలు చుట్టి నీడలో పెట్టండి. ఆ బకెట్ నీళ్లు ట్యాంకులో పొయ్యకండి.

పంపులన్నీ ఆపి, చేతులకి పౌడర్ లేని గ్లౌజులు వేసుకుని, పాదం కిందికి, నోరు పైకి ఉండేలా రాళ్ల మధ్య ఒక గుంటలో కూర్చోబెట్టండి. బబుల్ టిప్‌కి ఇష్టమైన చోటు పాదం చీకటి సందులో దాక్కుని, స్పర్శకాలు వెలుతురులో పరుచుకునేది. అరగంటలో చాలావరకు పట్టుకుంటుంది. పట్టుకోకపోతే చుట్టూ రంధ్రాలున్న ప్లాస్టిక్ బుట్ట బోర్లించి పెట్టి పంపులు నెమ్మదిగా నడపండి. గంట దాటి పంపులు ఆపి ఉంచకండి. మొదటి వారం లైటు సగం ఉంచి, తర్వాత వారానికి కొద్దికొద్దిగా పెంచండి. రోజుకి ఎనిమిది నుంచి పది గంటలు. మామూలు చేపల ట్యాంకు తెల్లబల్బు చాలదు, పగడాల ట్యాంకుల కోసం చేసిన రీఫ్ ఎల్ఈడీనే కావాలి.

ఇక మీ చేతులు బయటికి తీసేయండి. ఈ మాట నేను చాలాసార్లు చెప్పాల్సి వస్తుంది. అది నడుస్తుంది, ట్యాంకు వెనక్కి పోతుంది, మీరు ముందు గాజు దగ్గర ముచ్చటగా కట్టిన గుంటని అసలు పట్టించుకోదు. దాన్ని తెచ్చి మళ్లీ అక్కడే కూర్చోబెడితే మళ్లీ నడుస్తుంది, ఈసారి ఇంకాస్త అలిసిపోయి. వెలుతురు, ప్రవాహం, పాదానికి సందు మూడూ కుదిరిన చోటు దానికే తెలుసు. ఒకసారి కుదిరితే నెలలు, ఏళ్లు అక్కడే ఉంటుంది. కుదిరాక మీ రాళ్ల అమరిక, పంపుల దిశ మార్చకండి. మారిస్తే మళ్లీ బయల్దేరుతుంది.

తిండి

మొదటి వారం ఏమీ పెట్టకండి. తర్వాత వారానికి ఒకసారి చాలు. మనకి రొయ్యలకి కొదవ లేదు. సముద్రపు రొయ్య దొరికితే మంచిది. పచ్చిది ఒలిచి, ఆర్‌ఓ నీళ్లలో కడిగి, బఠాణీ గింజంత ముక్కలు కోసి ఫ్రీజర్లో పెట్టుకోండి. పెట్టేముందు ట్యాంకు నీళ్లలో కరగనిచ్చి, పొడుగాటి ప్లాస్టిక్ పట్టకారుతో స్పర్శకాల మీద వదలండి. పెద్ద ముక్క పెడితే మింగినట్టే మింగి రాత్రికి కుళ్లినదాన్ని కక్కుతుంది, నీళ్లు పాడవుతాయి. ముందు చేపలకి మేత వేసి వాటి దృష్టి మళ్లించండి. ముఖ్యంగా క్లీనర్ రొయ్యలు అనిమోన్ నోట్లోంచి ముక్క లాక్కుంటాయి.

క్లౌన్ చేపలు

క్లౌన్ చేప బతకడానికి ట్యాంకులో అనిమోన్ అక్కర్లేదు. అనిమోన్‌కీ ఆ చేప తప్పనిసరి కాదు. ఒసెల్లారిస్ రకం క్లౌన్ సముద్రంలో మాగ్నిఫికా, కార్పెట్ రకాల్లో ఉంటుంది, బబుల్ టిప్‌లో కాదు. అయినా ట్యాంకుల్లో చాలా జంటలు బబుల్ టిప్‌ని ఒప్పుకుంటాయి, కొన్ని నెలల తరబడి దాని వైపు కూడా చూడవు. బబుల్ టిప్‌కి సహజమైన జోడీ మెరూన్ క్లౌన్, కానీ అది పెద్దదయ్యాక మిగతా చేపల్ని బతకనివ్వదు. మీ ట్యాంకులో ముందే క్లౌన్లు ఉండి, కొత్త అనిమోన్ మీద పడి దొర్లుతూ విసిగిస్తుంటే ఆ రంధ్రాల బుట్టనే కొన్ని రోజులు కంచెగా పెట్టండి. చేపలు కొనేటప్పుడు హ్యాచరీలో పుట్టినవి అడిగి కొనండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మండపం, విళింజం కేంద్రాల్లో క్లౌన్ల పిల్లలు పుట్టించే పద్ధతి ఎప్పుడో సాధించారు. సముద్రం నుంచి పట్టి తేవాల్సిన పని లేదు.

పక్కనే ఇంకో సంగతి. సముద్రపు గుర్రాలు, గట్టి పగడాలు, సముద్రపు దోసకాయలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి. ఎవరు అమ్మజూపినా కొనకండి. అలాగే వైజాగ్ రుషికొండ వైపు ఆటు సమయంలో బండల గుంటల్లో చిన్న చిన్న అనిమోన్లు కనిపిస్తాయి, "అవి తెచ్చుకోవచ్చు కదా" అంటారు. వద్దు. అలల పోటూ ఆటూ మీద బతికేవి అవి. ఒంగి కూర్చుని చూసి వచ్చేయండి, బండ మీద అడుగు ఎక్కడ పడుతుందో చూసుకోండి.

ఎప్పుడు కంగారు పడాలి

అనిమోన్ అప్పుడప్పుడూ ముడుచుకుపోయి, గోధుమరంగు తీగల్లాంటి మురికి కక్కుతుంది. కొన్ని గంటల్లో మళ్లీ విప్పుకుంటుంది. అది మామూలే. నోరు తెరుచుకుని రోజంతా అలాగే ఉంటే, పాదం పట్టు వదిలి ప్రవాహంలో దొర్లుతుంటే జాగ్రత్తపడాలి. ఒంటి కండ పొరలు పొరలుగా ఊడుతూ, నీళ్ల నుంచి కుళ్లు వాసన వస్తే ఆశ వదులుకుని వెంటనే తీసేయండి. ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని దాన్ని అందులోకి ఎత్తి బయటికి తియ్యాలి. వలతో తీస్తే చితికి ట్యాంకంతా చెదురుతుంది. ఆ రోజే పావు వంతు నీళ్లు మార్చి, నీళ్లలోని మలినాలు పీల్చే కొత్త కార్బన్ వేసి, మర్నాడు అమ్మోనియా చూడండి. చేపల జబ్బుకి రాగి కలిసిన మందులు అనిమోన్ ఉన్న ట్యాంకులో ఎప్పుడూ వెయ్యకూడదు, చేపను వేరే ట్యాంకులోకి తీసి వైద్యం చెయ్యండి.

బాగా కుదురుకున్న బబుల్ టిప్ ఒకరోజు నిలువునా సాగి రెండుగా చీలొచ్చు. మొదటిసారి చూస్తే గుండె జారుతుంది, కానీ అది దాని సంతానం. చీలిన రెండూ కొన్ని రోజులు చిన్నగా, నోరు వంకరగా ఉంటాయి. ఆ గాయం మానేదాకా తిండి పెట్టకండి. ఎవరికైనా ఇవ్వాలనుకుంటే నెల దాటాక, అది పట్టుకున్న చిన్న రాయితో సహా, ఇచ్చేముందు రెండు రోజులు పస్తుంచి ఇవ్వండి. తీసుకునేవాళ్ల వేవ్ మేకర్‌కి జాలీ ఉందో లేదో ఫొటో పంపమని అడగండి. ట్యాంకు వయసు కూడా అడగండి.